సాగు చేసినవాడే కావలి కాయాలి



పంట చేతికొచ్చే రోజుల్లో మన పల్లెల్లో చేనికి కావలి పెట్టడం మీకు తెలిసిందే. మంచె ఎక్కి, డబ్బా కొట్టి, వడిసెల తిప్పి పిట్టలను తోలుతారు. ఎంత బాగా సాగు చేసినా కావలి లేనిదే పంట ఇల్లు చేరదు. అయితే ఆదికాండము 2వ అధ్యాయము 15వ వచనంలో దేవుడు ఆదామును ఏదెను తోటలో ఉంచి అప్పగించిన కావలి ఇలాంటిది కాదు. తోటను సాగు చేయమన్నాడు, కాయమన్నాడు. ఎవరి నుండి కాయాలి? అక్కడ పిట్టలు దొంగలు కావు. అవి కూడా ఆయన చేతిపనే. కనుక పిట్టలతో, మృగాలతో సహా తోటనంతా కాయమని అర్థం. ఆజ్ఞ ఒక్కటే, పనులు రెండు. మనం మొదటి పని బాగా నేర్చుకుని రెండవదాన్ని మరచిపోయాము.

2017 తపస్కాలంలో బ్రెజిల్ దేశపు పీఠాధిపతులు ఈ వాక్యాన్నే తమ ప్రజల ముందుంచారు. అక్కడ 1964 నుండి ప్రతి తపస్కాలంలో ఒక అంశం తీసుకుని దేశమంతటా సహోదరభావ ఉద్యమం నడుపుతున్నారు. ఆ ఏటి అంశం బ్రెజిల్ ప్రకృతి మండలాలు, వాటిలోని ప్రాణరక్షణ. ఆ దేశ విస్తీర్ణం సుమారు 85 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన భారతదేశానికి రెండున్నర రెట్లు. ఉత్తరాన అమెజాన్ మహారణ్యం, ఈశాన్యాన కాటింగా ముళ్లడవి, నడుమ సెర్రాడో మైదానాలు, పడమట పంటనాల్ చిత్తడి నేల, సముద్రం పొడవునా అట్లాంటిక్ అడవి, దక్షిణాన పంపా పచ్చికబయళ్లు. ఒక చోట ఎడతెగని వాన, మరో చోట ఏళ్ల తరబడి కరవు. ఏ నేలకు తగ్గ జంతువులు ఆ నేలలో, ఏ నేలకు తగ్గ మనుషులు ఆ నేలలో ఉన్నారు.

అమెజాన్‌లో బ్రెజిల్ గింజల చెట్టు ఒకటుంది. దాని కాయ కొబ్బరికాయంత గట్టిది. ఆ చెట్టు పూత కాయ కావాలంటే అడవిలోని పెద్ద తేనెటీగలు రావాలి. రాలిన కాయను పగలగొట్టగల జంతువులు చాలా తక్కువ. వాటిలో అగూటి అనేది ఎలుక జాతిది, కుందేలంత ఉంటుంది. అది కొన్ని గింజలు తిని, కొన్నిటిని భూమిలో పాతి మరచిపోతుంది. మరచిపోయిన గింజే మొక్కవుతుంది. పేద కుటుంబాలు ఆ రాలిన కాయలు ఏరుకుని బ్రతుకుతాయి. అడవిని నరికేస్తే తేనెటీగ పోతుంది, అగూటి పోతుంది, చివరకు ఆ పేదవాడి అన్నం ముద్ద పోతుంది.

ఆ అడవినీ, ఆ పేదలనూ కాయడానికే సిస్టర్ డొరొతీ స్టాంగ్ అనే మఠకన్య నిలబడింది. అమెరికాలో పుట్టి, 1966లో బ్రెజిల్ వెళ్లి, అడవిని పాడుచేయకుండా సేద్యం చేసుకునే భూమిలేని రైతుల పక్షాన పనిచేసింది. 2005 ఫిబ్రవరి 12న పారా రాష్ట్రంలోని అనాపు దగ్గర కిరాయి హంతకులు ఆమెను కాల్చి చంపారు. అప్పుడామెకు 73 ఏళ్లు. ఆయుధముందా అని అడిగితే ఆమె తన బైబిలు చూపి, అష్టభాగ్యాలు చదివిందని కళ్లారా చూసిన సాక్షి చెప్పాడు. కావలి పని ఒక్కోసారి ప్రాణమే అడుగుతుంది.

ఇక కాటింగా. ఆ దేశపు ఆదివాసుల భాషలో దానికి తెల్లని అడవి అని అర్థం. ఎండాకాలంలో ఆకులన్నీ రాలి మోళ్లు తెల్లగా కనిపిస్తాయి. అక్కడి వాగుల గట్ల మీద స్పిక్స్ మకావ్ అనే నీలి చిలుక ఉండేది. మనుషులు గూటి చెట్లను కొట్టారు, చిలుకలను పట్టి అమ్ముకున్నారు. అడవిలో మిగిలిన ఒకే ఒక్క చిలుక 2000 సంవత్సరంలో కనబడకుండా పోయింది. పంజరాల్లో మిగిలిన వాటి సంతతిని పెంచి 2022లో మళ్లీ అక్కడే వదిలారు. పోగొట్టడం ఎంత తేలికో, తిరిగి నిలబెట్టడం అంత కష్టం. అదే నేల మీద 2003 నుండి రైతు సంఘాలు, చర్చి సంస్థలు కలిసి ఇంటింటికీ 16 వేల లీటర్ల తొట్టెలు కట్టించసాగాయి. ఇంటి కప్పు మీద పడిన వాననీరు అందులో చేరుతుంది. కరవుతో పోరాడడం మాని, కరవు నేలతో కలిసి బ్రతకడం నేర్చుకుందామని వారి మాట. నీళ్ల కోసం మైళ్ల దూరం నడిచిన తల్లులకు ఆ తొట్టె ఎంత మేలో వేరే చెప్పాలా?

పంటనాల్‌లో ఏటేటా వరద వస్తుంది. పశువుల కాపరులు తరతరాలుగా వరద రాకపోకలను చూసుకుని మందలను మెరకకు తోలుకుంటూ, జాగ్వార్ పులులకు, మొసళ్లకు, కొంగలకు నడుమ బ్రతికారు. 2020లో వానలు ముఖం చాటేశాయి. మనుషులు పెట్టిన నిప్పు చెయ్యి దాటిపోయింది. నాలుగో వంతుకు పైగా నేల కాలిపోయింది. సుమారు 1 కోటి 70 లక్షల వెన్నెముక గల ప్రాణులు చనిపోయాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కాళ్లు కాలిన జాగ్వార్లకు కట్లు కట్టిందీ మనుషులే, జంతువుల కోసం నీళ్లు, పండ్లు మోసిందీ మనుషులే. నిప్పు పెట్టిన చెయ్యి, కట్టు కట్టిన చెయ్యి రెండూ మనవే.

అట్లాంటిక్ అడవి సంగతి మనకు ధైర్యమిస్తుంది. సింహపు జూలు వంటి బంగారు వన్నె జుట్టున్న చిన్న కోతులు 1970ల మొదట్లో అక్కడ 200 వరకే మిగిలాయి. రైతులు తమ పొలాల్లో కొంత అడవికి వదిలి, తునకలైపోయిన అడవులను కలుపుతూ చెట్లు నాటారు. రోడ్డు దాటడానికి 2020లో చెట్ల వంతెన కూడా కట్టారు. నడుమ పచ్చజ్వరం వచ్చి ఎన్నో కోతులు చచ్చినా పట్టు విడవలేదు. 2023 నాటికి వాటి సంఖ్య సుమారు 4,800. పశ్చాత్తాపం కన్నీళ్లతో ఆగిపోదు సహోదరులారా. అది మొక్కై నేలలో నాటుకోవాలి.

ఇంత దూరపు దేశం సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నా లెక్క నేను ఒప్పుకోవాలి కనుక. చాలా ఏళ్ల క్రితం, నేనున్న విచారణలో పండుగ పందిరికి అడ్డమని గుడి ఆవరణలోని చింతచెట్టును కొట్టించాను. దాని నిండా కొంగ గూళ్లు. చెట్టుతో పాటు పిల్లలూ నేల రాలాయి. ఒక ముసలమ్మ వాటిని చాటలోకి ఎత్తుకొచ్చి, "వీటినేం చేయమంటారు ఫాదర్‌గారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం పందిరి కింద దివ్యపూజ చేశాను, దేవుని ప్రేమ గురించే ప్రసంగించాను. ఆ చాట ఇంకా నా కళ్ల ముందే ఉంది.

పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధనలో అబద్ధాలు, కోపాలు తలచుకుంటాము. దేవుడు అప్పగించిన కావలి సంగతి తలచుకుంటున్నామా? చెరువులో పోసిన చెత్త, పొలంలో పెట్టిన నిప్పు, పిల్లవాడి చేతికిచ్చిన ఉండేలు, ఇవి కూడా లెక్కలోకి వస్తాయి. ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్క మాట అనుకోండి: మన పెరడు, మన పొలం, మన గుడి ఆవరణ మీద ఆధారపడి బ్రతుకుతున్న ప్రాణులేవి? వాటికి మనమేమి చేశాము? చెట్టు కొట్టేముందు ఒకసారి తలెత్తి పైకి చూడండి.

ఆదికాండము 9వ అధ్యాయంలో దేవుడు నోవాతో చేసిన నిబంధన నోవాతోనే ఆగలేదు. ఓడలోనుండి దిగిన పక్షులు, పశువులు, మృగాలు అన్నిటితోనూ ఆయన నిబంధన చేశాడు. ఆయన మాట ఇచ్చిన వారిని మనం తరిమేస్తే ఆయనకేమి సమాధానం చెప్పగలము? మన చేతికి నాగలి ఇచ్చిన ప్రభువు, మన కళ్లకు కావలివాని మెలకువ కూడా దయచేయునుగాక. ఆమెన్.