వరద అను మాట

మీ గ్రామములో దినపత్రిక వచ్చు చోట, అది రచ్చబండయైనను టీ కొట్టయైనను, ఒక దినము పత్రిక విప్పి "వరద" అను మాట ఎన్నిమారులు కనబడునో లెక్కించి చూడుడి. వానకాలమైతే మొదటి పుటలో గోదావరి వరద ఉండును. ఆటల పుటలో పరుగుల వరద, ఎన్నికలు దగ్గరపడిన కొలది హామీల వరద, అంగడి ప్రకటనలో బహుమతుల వరద. మొదటిది మనుష్యులను ముంచును. మిగిలినవి ఎవరి కాలివ్రేలిని కూడ తడుపవు.

ఇట్లు వ్రాయుట తప్పా అని మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము. తప్పని తొందరపడి చెప్పలేము. 69వ కీర్తనలో దావీదు నీళ్లు తన ప్రాణము మీదికి వచ్చెనని మొరపెట్టెను. ఆయన ఏటిలో పడలేదు; శత్రువుల నడుమ, నిందల నడుమ ఉండెను. అయినను ఆ మాట మనకు బూటకముగా తోచదు. కాలు నిలుచుటకు చోటులేని మనుష్యుని భయము అందులో ఉన్నది. మత్తయి 7వ అధ్యాయములోని రెండు ఇండ్ల ఉపమానమును అట్టిదే. ఎండిన వాగు ఒక్క రాత్రిలో నిండగలదని ఎరిగిన జనులకు ప్రభువు దానిని చెప్పెను. మాట నీళ్ల బరువును మోయుచున్నంతవరకు అది అలంకారమైనను అబద్ధము కాదు. పరుగుల వరదలో ఆ బరువు లేదు. ఊరక "చాల" అనుటకు బదులుగా వచ్చినది. దాని వలన హానియేమి అందురా? మేమును యాకుత్‌పురా వెళ్లువరకు అట్లే అనుకొంటిమి.

యాకుత్‌పురా హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు తూర్పు దిక్కున ఉన్నది. ఒకప్పుడు నగరపు గోడకు ఆ పేరుగల దర్వాజా ఉండెడిది. ఇప్పుడు ఆ పేరుతో రైల్వే స్టేషను ఉన్నది. మూసీ నది దానికి ఉత్తరముగా పారును. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి నగరమును ముంచగా వేలకొలది జనులు చనిపోయిరి. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోనున్న చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రదికిరని చెప్పుదురు. ఆ తరువాతనే ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడినవి. ఆ వరదను ఉర్దూ మాటలాడువారు "తుగ్యానీ" అందురు. హద్దు మీరుట అని దాని మూలార్థము. వింత చూడుడి, మన పత్రికలు నీళ్ల మాటను మనుష్యుల సంగతులకు ఎత్తుకొనిపోగా, అక్కడ మనుష్యుల తప్పిదమునకు చెల్లు మాటను నీళ్లకు పెట్టిరి.

2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు పాతబస్తీ మరల మునిగెను. ఈసారి నాలాలును చెరువులును పొంగినవి. ఆ తరువాత మేము యాకుత్‌పురా సందులలో నడచునప్పుడు ఒక వృద్ధురాలు గోడమీది నీటి చారను చూపించి, "ఘర్ మే పానీ ఆగయా" అనెను. ఇంట్లోకి నీళ్లు వచ్చినవి, అంతే. పెద్ద మాట ఏదియు వాడలేదు. బియ్యపు డబ్బా ఎక్కడ తేలెనో, మనుమని పుస్తకములు ఎక్కడ నానెనో వ్రేలితో చూపించెను.

ఆ నవంబరులో కుటుంబమునకు 10,000 రూపాయల ప్రభుత్వ సహాయము కొరకు మీసేవ కేంద్రముల ముందు జనులు బారులు తీరిరి. నగరపాలక ఎన్నికల కారణముగా ఆ నెలలోనే అది ఆపబడెను. ఇట్టి సమయమున "దరఖాస్తుల వరద", "బాధితుల వెల్లువ" అను శీర్షిక కలమునకు ఎంత సులువుగా వచ్చునో మాకు తెలియును. కాని అందులో ఏమి జరుగుచున్నదో గమనించితిరా? వరదలో మునిగినవారే వరదగా మారిపోవుచున్నారు. వరద వచ్చినప్పుడు మనమేమి చేయుదుము? గట్టు వేయుదుము, ఇసుక బస్తాలు పేర్చుదుము, తలుపు మూయుదుము. వలసకూలీల వరద, శరణార్థుల వరద అని చదివినవాని మనస్సు కూడ తెలియకుండనే బస్తాలు పేర్చుటకు పోవును. వరదకు ఆకలి ఉండదు, చంకలో బిడ్డ ఉండదు. బారులో నిలిచినవారికి ఆ రెండును ఉన్నవి.

ఇతరులను అనుటకు ముందు మా సంగతియు చెప్పవలెను. ఒకమారు మేము ఒక గ్రామ కూటమును గూర్చి వ్రాయుచు "జనులు వరదవలె వచ్చిరి" అని అచ్చు వేయించితిమి. వచ్చినవారు 60 మంది. వారిలో కొందరు కూలి పని మాని, రెండు వాగులు దాటి నడచి వచ్చిరి. ఆ మాట వ్రాయలేదు. పుటలో చోటు కూడ ఉండెను.