కాపురము మారునప్పుడు నగల మాట



మన బళ్ళారి సీమవారికి ఇల్లు కదలకయే రాష్ట్రము మారిన అనుభవము కలదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకు, బళ్ళారి మొదలైన తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రమునకు చేరినవి. అన్న దుకాణము ఒక రాష్ట్రమున, తమ్ముని దుకాణము వేరొక రాష్ట్రమున పడినను, ఒక్క చెంబైనను సర్దవలసిన పని లేకపోయెను. ఇప్పటి ప్రయాణములు అట్టివి కావు. కుమారునకు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, సముద్రము దాటి అమెరికాలోనో ఉద్యోగమగును. పాత్రలు, పరుపులు సర్దుట ఒక పూటలో ముగియును. నగల పెట్టె దగ్గరకు వచ్చుసరికి ఇల్లంతయు ఆగిపోవును.

తల్లి యనును: "ఒట్టి మెడతో పంపిస్తే వియ్యాలవారు ఏమనుకుంటారు? పెట్టుకోకపోయినా దగ్గర ఉండనీ." కుమారుడు అనును: "అక్కడ ఎవ్వరూ ఇవి పెట్టుకోరమ్మా. అందరూ చొక్కా, జీను ప్యాంటు వేసుకొని తిరుగుతారు. వడ్డాణం పెట్టుకొని ఎక్కడికి పోవాలి?" (ఆ జీను ప్యాంటులు మన బళ్ళారిలోనే వేలకు వేలు కుట్టబడుచుండుట వేరు సంగతి.) ఇద్దరి మాటలోను న్యాయము కలదు. ఇద్దరును ఒకే పొరపాటు కూడ చేయుచున్నారు. చూచువారు ఏమనుకొందురో అని ఆమె ఈ ఊరివైపు చూచుచున్నది, ఆతడు ఆ ఊరివైపు చూచుచున్నాడు. శ్రావకుడు చూడవలసిన వైపు మూడవది.

అది చెప్పుటకు ముందు మన పెద్దలకు న్యాయము చేయవలెను. వారు నగలను కేవలము సొగసు కొరకు చేయించలేదు. ఇది కరవు సీమ. వాన రాని యేట, పత్తి ధర పడిపోయిన యేట, ఇల్లాలి గుండ్లపేరు తాకట్టుకు పోయి దుకాణము తలుపులు మూతపడకుండ కాపాడినది. బ్యాంకులు దూరముగా ఉన్న కాలమున కాసులపేరే బ్యాంకు. మరియొకటి కూడ ఉన్నది. ఫలానావారి హుండీ చెల్లునా చెల్లదా అని పెండ్లి పందిటిలో వారి ఆడువారి మెడలు చూచి లెక్కకట్టిన రోజులు కలవు. అనగా ఇల్లాలి మెడ దుకాణమునకు బోర్డు వంటిది. ఆ బోర్డు బరువు ఆమె మోసినది, దాని పరపతి భర్త అనుభవించినాడు.

క్రొత్త ఊరిలో ఆ బోర్డును చదువువారు లేరు. అక్కడ పరపతి జీతపు చీటీలో ఉండును. కావున నగ అక్కడికి పోగానే దాని పాత ఉద్యోగము ఊడిపోవును. మిగులునది బరువు, దానితోబాటు భయము.

ఈ భయము సంగతి కొంచెము నిలిచి చూడవలెను. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున పరిగ్రహమునకు వస్తువును లక్షణముగా చెప్పక, మూర్ఛను, అనగా 'నాది' అను మమకారమును లక్షణముగా చెప్పిరి. ఈ మాట మన వర్తకులకు చాల ప్రియమైనది. "సరుకు ఉంటే ఏమి స్వామీ, నాకు మూర్ఛ లేదు" అని ఎందరో అనుచుందురు. లేదని తెలియుట ఎట్లు? పూర్వాచార్యులు అంతరంగ పరిగ్రహములను 14గా లెక్కించిరి. మిథ్యాత్వము ఒకటి, క్రోధ మాన మాయా లోభములు నాలుగు, హాస్యము, రతి, అరతి, శోకము, భయము, జుగుప్స అనునవి ఆరు, మూడు వేదములు. ఆ పట్టికలో లోభమునకు ఎట్లు చోటున్నదో భయమునకును అట్లే చోటున్నది. ఇంకను చూడుడు. రౌద్రధ్యానము నాలుగు విధములు. హింసను గూర్చి, అసత్యమును గూర్చి, చౌర్యమును గూర్చి చేయు చింతనలు మూడు. నాలుగవది ఉన్నదానిని కాపాడుకొనుటను గూర్చిన ఎడతెగని చింతన. దొంగిలింప చూచువాని తలపు మూడవ ఇంట ఉండగా, రాత్రి నిదుర లేక బీరువా తాళము తడుముకొనువాని తలపు దాని ప్రక్కింటనే ఉన్నది. మన శాస్త్రము ఇంత నిర్మొగమాటముగా మాటాడిన చోటు మరియొకటి నాకు తోచదు.

క్రొత్త ఊరి అపార్టుమెంటులో ఈ తలపు ఎవరి మీద వ్రాలును? అంట్లు తోముటకు వచ్చు ఆమె మీద, గేటు వద్ద కూర్చున్న ముసలి కావలివాని మీద. ఏ పాపము ఎరుగని ఆమె చేతిసంచి వైపు రోజుకు రెండుసార్లు మన కన్ను పోవును. ఒకనాడు ఉంగరము కనబడకపోయిన, మొదట ఆమె పేరే నోటికి వచ్చును. తరువాత ఉంగరము స్నానాల గదిలో దొరకును, ఆమె మాత్రము మరల పనికి రాదు. నగ ఎవరిని కొట్టలేదు, తిట్టలేదు. హింస జరిగినదా లేదా?

అట్లయిన ఇక్కడనే ఉంచి పోదమా? దానికిని లెక్క కలదు. బ్యాంకు లాకరులో పెట్టితిమి, ఇక చింత లేదని యనువారు ఒక సంగతి తెలిసికొనవలెను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము, 2022 జనవరి 1 నుండి, అగ్నిప్రమాదము, దొంగతనము, బ్యాంకు ఉద్యోగుల మోసము వంటివి జరిగినచో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె 3,000 రూపాయలయినచో 3 లక్షలు. లోపల ఉన్న చంద్రహారము వెల దానిలో ఎన్నవ వంతో మీకే తెలియును. లాకరు చెడ్డదని కాదు, నిశ్చింత అను సరుకును ఏ బ్యాంకును అమ్మదని చెప్పుచున్నాను. ఇక ముసలి అత్తగారి చేతికి తాళపుచెవి ఇచ్చి పోవుటయా? కొడుకు ఊరికి పోయినప్పుడు ఆమెకు మిగులునది మనుమల ఫోటోయు, 80 తులాల కావలియు. తీర్థయాత్రకు పిలిచినను ఆమె కదలలేదు. మన భయమును ఆమె తలపై పెట్టి, మనము తేలికగా రైలెక్కుట త్యాగము కాదు.

ఆనంద శ్రావకుని కథ మీరందరు పర్యుషణములలో వినినదే. వాణిజ్యగ్రామమున ఆయన గొప్ప గృహస్థు. నిధిలో 4 కోట్ల సువర్ణములు, వడ్డీ వ్యాపారమున 4 కోట్లు, గృహసంపత్తిలో 4 కోట్లు, పదేసి వేల గోవుల మందలు నాలుగు. మహావీరస్వామి సన్నిధిని వ్రతములు గ్రహించినప్పుడు ఆయన ఈ సంపదను విడువలేదు, దీనికి మించి వలదని హద్దు కట్టుకొనెను. కాని ఉపాసకదశాంగము అక్కడ ఆగలేదు. తుడుచుకొను వస్త్రము మొదలు పండ్లు, పప్పులు, తాగు నీరు వరకు ఆయన వాడుకకును హద్దులు చెప్పినది. ఆ వరుసలో ఆభరణముల వంతు వచ్చినప్పుడు ఏమి మిగిలినది? చెవులకు సాదా కుండలములు, వేలికి పేరు చెక్కిన ఉంగరము. 12 కోట్లవాడు తొడిగినది అంతే.

వర్తకులకు ఇది వెంటనే తెలియవలెను. ఉన్నది ఒక ఖాతా, తొడిగినది ఒక ఖాతా. మొదటిది పరిగ్రహ పరిమాణము, రెండవది ఉపభోగ పరిభోగ పరిమాణము. మన ఇండ్లలో ఈ రెండు ఖాతాలు ఒకే పుస్తకములో కలిసిపోయినవి. అందుచేతనే పెట్టె దగ్గర తగవు తెగదు. కాపురము మారుట వలన రెండవ ఖాతా దానంతట అదే చిన్నదగును. పుస్తెలు, చెవి కమ్మలు, రెండు గాజులు, ఇంకొకటి రెండు. ఆ ఊరి వాడుక అంత. ఇక్కడనే ఒక సూక్ష్మము ఉన్నది. "అక్కడ నవ్వుతారు" అని తీసి పెట్టినది ఫ్యాషను. అది వచ్చే పెండ్లికి రెండింతల బరువుతో తిరిగి వచ్చును. అదే కమ్మలు, అదే గాజులు, "ఇంతకు మించి తొడుగను" అని గురువుల ఎదుట హద్దు కట్టుకొని తీసి పెట్టినచో అది వ్రతము. అద్దములో చూచిన రెండును ఒకటే. కర్మబంధములో ఒకటి కావు. ఊరి మార్పు ఊరకే ఇచ్చుచున్న ఈ తేలికతనమును ఫ్యాషనునకు వదలివేయుట వర్తకునికి తగిన పని కాదు.

(దిగ్వ్రతము గ్రహించినవారు అమెరికా టికెట్టు కొనుటకు ముందు తమ హద్దు ఎంతవరకో ఒకసారి చూచుకొందురు గాక!)

కొందరు వేరొక హద్దును చూపుదురు. 1994లో ఆదాయపు పన్ను శాఖవారు, సోదాలలో వివాహిత స్త్రీకి 500 గ్రాములు, అవివాహితకు 250, పురుషునకు 100 గ్రాముల వరకు నగలను జప్తు చేయరాదని ఆదేశమిచ్చిరి. దానిని పట్టుకొని "ధర్మమైన లెక్క ఇదే" అనువారిని నేను చూచితిని. అది అధికారి చేతికి హద్దు, మన మనసునకు కాదు. 1968లో బంగారము నియంత్రణ చట్టము వచ్చినది, 1990లో రద్దయినది. ఆ 22 ఏండ్లు హద్దులో ఉన్నవారిలో ఎందరు ఆ మరునాడును హద్దులో ఉండిరి?

మన చుట్టుప్రక్కల నేల ఈ విషయమున చాల మాటలు చెప్పగలదు. అనంతపురము జిల్లా వజ్రకరూరు మండలమున తొలకరి పడగానే జనులు చేలలో తలవంచుకొని వజ్రముల కొరకు వెదకుదురు. అదే మండలమున కొనకొండ్ల కలదు. కుందకుందాచార్యుల జన్మస్థలమని పరంపర చెప్పు ఊరు అదియే. వజ్రములు మొలచు నేలపై ఒంటిపై నూలుపోగు లేని ముని నడచినాడు. హంపికి రండు. 1565లో యుద్ధము ఓడి తిరుమలరాయలు పెనుగొండకు పోవునప్పుడు బంగారము, రత్నములు 550 ఏనుగులపై తరలించెనని సీవెల్ వ్రాసినాడు. ఇంత పెద్ద కాపురపు మార్పు మన సీమ మరి చూడలేదు. ఆ ధనము ఇప్పుడు ఎవరి యింట ఉన్నదో చెప్పువారు లేరు. రెండవ హరిహరరాయల దండనాథుడు ఇరుగప్ప 1385లో కుంథునాథస్వామికి కట్టించిన జినాలయము మాత్రము ముందరి దీపస్తంభముతో సహా నిలిచియున్నది. రాతిని ఏనుగుపై ఎక్కింపలేకపోయిరి గనుక నిలిచినదని మీరనవచ్చును. అనుడు.

తీసికొనిపోవుట, ఉంచిపోవుట కాక మూడవ మార్గమొకటి కలదని అత్తిమబ్బె చూపినది. ఆమె తండ్రి మల్లపయ్య వంశము మన వేంగినాటిది. భర్త నాగదేవుడు పోయిన పిమ్మట ఆమె తన సంపదతో పొన్న కవి శాంతిపురాణమునకు 1,000 ప్రతులు వ్రాయించి పంచినది. బంగారముతో, రత్నములతో 1,500 జినబింబములు చేయించి ఇచ్చినది. 1007లో లక్కుండిలో బ్రహ్మజినాలయము కట్టించినది. అంత చేయుడని నేను అడుగుట లేదు. వాడుక ఖాతాలోను చేరక, పిల్లల చదువు, రోగము, కష్టకాలము అను అక్కరలలోను చేరక మిగిలిపోయిన నగ ప్రతి పెట్టెలోను ఒకటి ఉండును. ఊరు మారు రోజున దాని పేరు బయటపడును. ఆ ఒక్కదానిని చదువుకొను పిల్లకో, ఔషధదానమునకో మార్చి పోవచ్చును.

అయితే ఈ నిర్ణయము ఎవరు చేయవలెను? నేను విన్న ఇన్ని తగవులలో అత్త మాటాడినది, కొడుకు మాటాడినాడు, మామగారు తూకము చెప్పినారు. నగలు ఎవరివో ఆ కోడలిని అడిగినవారు తక్కువ. పుట్టింటివారు పెట్టినది, అత్తవారు పెండ్లిలో ఇచ్చినది ఆమె స్త్రీధనము. భర్త చేతిలో ఉన్నను అది ఆమెదే, ఆతడు కాపుదారు మాత్రమేయని 1985లో సుప్రీంకోర్టు చెప్పినది. మనకు అంతకు ఎంతో ముందే శాస్త్రము చెప్పినది. సత్యాణువ్రతము యొక్క అతిచారములలో న్యాసాపహారము ఒకటి. దాచుమని ఇచ్చినవారు లెక్క మరచి తక్కువ అడిగినచో, "అంతే, తీసికొనుము" అని ఊరకుండుట. తాకట్టు దుకాణములో మనము ఈ విషయమున ఎంత జాగ్రత్తగా ఉందుమో! రైతు గాజు ఒక గురిగింజ ఎత్తు తగ్గినను చీటీ చూపి అడుగును. ఇంటి కోడలి గాజునకు చీటీ ఏది? "మన ఇంటిలోనే కదా" అను మాట చాటున ఎన్ని గుండ్లు ఆడపడుచు పెండ్లిలో కరిగిపోలేదు!

కావున బండి కదలుటకు ముందు కూర్చొని వ్రాయుడు. ఏ నగ, ఎంత తూకము, ఎవరు పెట్టినది, ఎక్కడ ఉండును. రెండు ప్రతులు. ఒకటి ఆమె దగ్గర. విదేశమునకు కొన్ని తీసికొనిపోవువారు, తిరిగి వచ్చునాడు సుంకము తగవు రాకుండ, పోవునప్పుడే విమానాశ్రయమున కస్టమ్సు వారిచే పత్రము వ్రాయించుకొనవలెను. ఏది తొడుగుదునో, ఏది మానుదునో అను వ్రతము మాత్రము ఆమె తరపున మరియొకరు పలుకరాదు. ఆనందుడు వ్రతములు గ్రహించి ఇంటికి వచ్చి భార్య శివనందతో తాను విన్నది చెప్పెను. ఆమె కొరకు తానే హద్దులు కట్టి రాలేదు. "నీవును స్వామి దర్శనమునకు పొమ్ము" అనెను. ఆమె బండి సిద్ధము చేయించుకొని, తానే వెళ్ళి, స్వామి పలుకు స్వయముగా విని, తన వ్రతములు తాను గ్రహించి ఇంటికి వచ్చెను.