తితిక్షయు వేదనోపశమనమును

వేదన కర్మఫలమైనచో, దానిని ఔషధముచే తొలగించుట ధర్మమగునా? శమాదిషట్కమున తితిక్షకు స్థానమిచ్చిన వేదాంతులు, దుఃఖములను ప్రతీకారము తలపెట్టక, విలపింపక సహించుటయే తితిక్షయని చెప్పిరి. ఈ మాటను రోగి పడకచెంత నిలిచి పరీక్షింపవలసియున్నది.

ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకై ప్రక్కటెముకల నడుమ కోయించుకొన్నవాడు మరునాడు దిండును రొమ్మున కదుముకొని దగ్గబోవును; నడుమనే ఆగి, పండ్లు బిగించి, ఆ దగ్గును మ్రింగివేయును. విరిగిన చేతికి కట్టుకట్టి విశ్రాంతి నీయవచ్చును గాని, శ్వాసించు రొమ్మునకు విశ్రాంతి యెక్కడిది? నొప్పికి వెఱచి నిండుగా ఊపిరి పీల్చనివానికి కఫము లోన నిలిచి న్యుమోనియాకు దారితీయును. గాయమును హెచ్చరించుటకు పుట్టిన వేదన, ఇక్కడ ప్రాణమునకే ప్రతిబంధకమగుచున్నది.

మార్ఫీను నొప్పి నణచును గాని, తెలివిని మసకబఱచి శ్వాసను మందగింపజేయును. కావున నాడులను మాత్రమే మొద్దుబఱచు మార్గములను వైద్యులు వెదకిరి. వెన్నుపాము పొఱలకు వెలుపల సన్నని గొట్టముంచి మందెక్కించు ఎపిడ్యూరల్ చిరకాలము ప్రమాణముగా నిలిచినది. అయితే అది ఇరుప్రక్కల నాడులను పట్టుటచే రక్తపోటు పడిపోవచ్చును, మూత్రము బిగియవచ్చును. 1905లో జర్మను వైద్యుడు హ్యూగో సెల్‌హైమ్ ప్రవేశపెట్టిన పారావెర్టిబ్రల్ బ్లాకు, కోతపడిన ప్రక్క నాడులనే పట్టి, ఉపశమనమున దాదాపు ఎపిడ్యూరలుకు సాటియగుచు, ఆ దోషములను తగ్గించును. కాని సూది ఊపిరితిత్తి పొఱను గ్రుచ్చు భయము కొంత కలదు. 2016లో వెలుగుచూచిన ఎరెక్టర్ స్పైనీ బ్లాకున అల్ట్రాసౌండు తెరను చూచుచు వీపు కండరము క్రింద మందు విడుతురు. చేయుట సులభము, అపాయము స్వల్పము, కాని మందు వ్యాపించు తీరు ఒక్కొక్కరియందు ఒక్కొక్క విధము. రక్తము గడ్డకట్టనీయని మందులు వాడువానికి ఎపిడ్యూరల్ ప్రమాదకరము కావచ్చును; అట్టివానికి ఈ చివరిదే మేలు కావచ్చును. ఎవరికని యడుగక, ఏది శ్రేష్ఠమని తేల్చుట పొసగదు.

చరకుడు శారీరస్థానమున వేదనకు మనస్సును, ఇంద్రియసహితమైన దేహమును అధిష్ఠానములని చెప్పెను. మత్తువైద్యుడు చల్లని దూదిని రొమ్మున కానించి, ‘చల్లగా ఉన్నదా అయ్యా?’ అని యడిగి మందు పట్టిన మేర నెఱుగును; రేపేమగునో యను దిగులు ఏ మేరకు వ్యాపించినదో ఆ దూది చెప్పజాలదు. తితిక్షకు నిజమైన క్షేత్రమక్కడనే యున్నది; నొప్పి తగ్గి, ఊపిరాడి, తెలివి నిలిచినవాడే ఆ సాధనకు సమర్థుడు.

ఇక కర్మమందురా, రోగము కర్మఫలమైనపుడు వైద్యుడు లభించుటయు కర్మఫలమే కావలెను. తితిక్ష స్వయముగా పూనదగిన వ్రతమే గాని, ఇతరులకు విధింపదగిన శిక్ష కాదు. తన నొప్పిని తానోర్చుకొనుట తపస్సు. ఎదుటివాని నొప్పిని తానోర్చుకొనుట నిర్దయ. ఏ నాడికి, ఏ మార్గమున, ఎంత మందని తూచి చూచు వైద్యుని వివేకము, ఆ నిర్దయను త్రోసిపుచ్చిన కరుణయే.