ఊరి సంకల్పంలో ఏనుగు పేరు ఉందా?

 

శనివారం వీడియోలో గజేంద్ర మోక్షం చెప్పుకున్నాం కదా. అందులో చెప్పలేకపోయిన మాట ఒకటి మిగిలిపోయింది. నా తప్పు కూడా అందులో ఉంది కాబట్టి ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

మాది కుప్పం దగ్గర పల్లె. వారమంతా బెంగళూరులో కోడ్ రాసుకుంటా, శుక్రవారం రాత్రి రైలెక్కి ఇంటికొస్తా. పోయిన పంటకి ఏనుగులు మా మడిలో దిగినాయి. కోతకొచ్చిన వరి ఒక్క రాత్రిలో పోయింది. తెల్లారి చూస్తే బురదలో చాటంత అడుగులు. మా అవ్వ ఒక అడుగు దగ్గర కూర్చుని పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. మా నాయన మాత్రం నా వైపు తిరిగి, "నువ్వు ఇంజినీరింగ్ చదివినోడివి కదరా, కంచెకి కరెంటు ఎట్ల పెట్టల్లో చూడు" అన్నాడు.

నేను కాదనలేదండీ. వైరు ఎంత కావాలో లెక్క కూడా వేశా. ఆ సాయంత్రం దీపం పెట్టి గజేంద్ర మోక్షం చదవబోతే నోరు రాలేదు. మొసలి పట్టిన ఏనుగు పిలిస్తే స్వామి ఉన్నవాడు ఉన్నట్టే బయలుదేరాడని చిన్నప్పటి నుంచి చదువుతున్నా. ఇప్పుడు ఆ ఏనుగు కాలు పట్టుకునే మొసలిని నేనే కాబోతున్నా! "నేను చేయను నాయనా" అని చెప్పేశా. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన కోపం తప్పని నేననను. అప్పు తెచ్చి పెట్టిన పంట అది.

ఈ ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మన వైపు వచ్చినవి. వాటి కోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి మనుషులూ పోయారు, ఏనుగులూ పోయాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర హైవే దాటుతూ మూడు ఏనుగులు వాహనం గుద్ది చనిపోయాయి. 2025 మేలో కర్ణాటక మనకి నాలుగు కుంకీ ఏనుగుల్ని ఇచ్చింది. అది ప్రభుత్వాల పని. మరి ఊరు చేయాల్సింది ఏమిటి?

పూజకి కూర్చుంటే ముందు సంకల్పం చెప్పుకుంటాం. ఏ దేశంలో, ఏ నది పక్కన, ఏ రోజున, ఏ గోత్రం వాళ్ళం, ఏం చేయబోతున్నాం అని. మనం ఎక్కడ నిలబడి ఉన్నామో చెప్పకుండా పూజ మొదలవదు.

ఊరికి కూడా అలాంటి సంకల్పం ఒకటుంది. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీ, మున్సిపాలిటీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలి. 2004లో వచ్చిన నియమాల్లో ఆ కమిటీ ముఖ్యమైన పనిగా చెప్పింది, ఊరివాళ్ళని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడమే. చెట్టూ చేమా, నాటు విత్తనాలు, పశువుల జాతులు, మందు మొక్కలు, వాటి గురించి పెద్దవాళ్ళకి తెలిసింది, అన్నీ అందులోకి రావాలి. మన పుంగనూరు ఆవునే చూడండి. దాదాపు కనుమరుగయ్యే దాకా వచ్చాకే పలమనేరు పరిశోధన కేంద్రంలో కాపాడుకోవాల్సి వచ్చింది. ముందే లెక్క రాసుకుని ఉంటే?

పనులు సాగట్లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టింది. దాటితే రాష్ట్రాలు నెలకి 10 లక్షలు కట్టాలంది. కానీ గడువు కోసం రాసిన పుస్తకం, శ్రద్ధతో రాసిన పుస్తకం ఒకటి కావు కదండీ.

గ్రామసభలో మా ఊరి రిజిస్టర్ అడిగా. ఉంది. తెరిస్తే మా వైపు ఎవరూ చూడని చెట్ల పేర్లు! చెరువు కింద కానుగ తోపు లేదు. ఏనుగు పేరే లేదు. వేరేవాళ్ళ గోత్రం చెప్పి మన ఇంట్లో పూజ చేసినట్టుంది. కాపీ పేస్ట్ మాకూ అలవాటే కాబట్టి ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. నన్ను రాయమంటే నాకైనా ఎన్ని పేర్లు తెలుసు?

అందుకే వరసగా నాలుగు ఆదివారాలు అవ్వ దగ్గర, మేకలు కాసే తాత దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది రాసుకున్నా. మూడో ఆదివారం నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏనుగులు ఏ వంక వెంట దిగుతాయో, ఏ నెలలో వస్తాయో, ఎక్కడ నీళ్ళు తాగుతాయో ఆయనే చెప్పాడు. అంత వివరంగా ఇంకెవరికీ తెలియదు.

ఆ కాగితాలు మళ్ళీ గ్రామసభలో పెట్టాం. రెండు తీర్మానాలు రాశారు. ఆ వంక పక్క పొలాల్లో ఎవరూ కంచెకి కరెంటు పెట్టకూడదు. పంట పోయినవాళ్ళ అర్జీలు పంచాయతీయే అటవీ శాఖకి పంపి, డబ్బు వచ్చేదాకా వెంటపడాలి. రెండోది లేకుండా మొదటిది నిలబడదని నాయనే పట్టుబట్టాడు. ఆయన మాట నిజం. రైతుని ఒంటరిగా వదిలేసి ఏనుగుని కాపాడమంటే అది ధర్మం కాదు.

సంకల్పం చెప్పి పూజ చేయకుండా లేచిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. మా ఊరు ఏం చేస్తుందో వచ్చే పంటకి తెలుస్తుంది. మీరు కూడా ఒక్క పని చేయండి. వచ్చే గ్రామసభలోనో, వార్డు ఆఫీసులోనో మీ ఊరి రిజిస్టర్ అడగండి. అందులో మీ అమ్మవారి గుడి వేపచెట్టు ఉందా చూడండి. లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి మీరే రాసి ఇవ్వండి.

గజేంద్రుణ్ణి కాచిన స్వామి మా నాయన మడినీ, ఆ మడిలో దిగిన ఏనుగునీ చల్లగా చూడాలని కోరుకుంటూ, వచ్చే శనివారం మళ్ళీ కలుద్దాం. నారాయణ, నారాయణ.