తుప్పు ఏది? వయసు ఏది?

పోయిన చలికాలంలో నేనొక తప్పు చేశాను. చట్టం లెక్కలో అది తప్పే కాదు. అయినా ఇప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మేముండేది షెఫీల్డ్‌కి గంట దూరంలో. అక్కడ తయారైన పాత మంగలి కత్తులు కొని బాగుచెయ్యడం నాకు కొన్నేళ్ళుగా అలవాటు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి చేతులకి మసి అంటే పని ఒకటి ఉండాలిగా! "చూసినవాళ్ళు ఏమనుకుంటారు, ఇంటినిండా కత్తులేనా" అని మా ఆవిడ గొడవ.

కత్తి వయసు చాలావరకు దాని మొదట్లో, పిడి దగ్గర కొట్టిన ముద్రలో ఉంటుంది. కిరీటం పక్కన వి.ఆర్. అని ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837 తర్వాతిది. డబ్ల్యు.ఆర్. అని ఉంటే నాలుగో విలియం కాలం, 1830-37 నాటిది. 'ఇంగ్లండ్' అన్న మాట ఉంటే సాధారణంగా 1891 తర్వాతిదే. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది మరి. పిడిని మాత్రం పూర్తిగా నమ్మకూడదు. మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చు.

ఆరోజు సంతలో కొన్న కత్తి మీద, తుప్పు మాటున, డబ్ల్యు.ఆర్. లీలగా కనిపించింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంటికొచ్చి ఎమెరీ కాగితం పట్టుకుని కూర్చున్నాను. తుప్పు పోయింది. అక్కడ ఆగాల్సింది. అద్దంలా మెరవాలన్న ఆశతో ఇంకా రుద్దాను. మెరిసింది. ముద్ర పోయింది. ముందు ఒక ఫొటో అయినా తీసుకోలేదు.

తర్వాతి వారం ఆఫీసులో ఒకాయన వాళ్ళ నాన్నకి కానుకగా ఇవ్వడానికి దాన్ని కొంటానన్నాడు. "ఎప్పటిది?" అని అడిగాడు. నాకు తెలుసు. 1837కి ముందుది అంటే అబద్ధం కాదు. కానీ ఆ నిజానికున్న ఒక్క సాక్ష్యాన్నీ చెరిపింది నేనే. లాగ్ ఫైల్ తుడిచేసి "నా మాట నమ్మండి" అనే ప్రోగ్రామర్ని నేనెప్పుడైనా నమ్మానా? జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కాసేపు కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా తిరిగిచ్చేశాడు.

అప్పుడు మా ఊళ్ళో క్షవరం చేసే తాత కత్తి గుర్తొచ్చింది. సాన మీద నూరీ నూరీ సగానికి అరిగిపోయిన కత్తి. దాని మీద ముద్ర ఉందో లేదో ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆ అరుగుదల ఆయన కష్టం లెక్క. నా చేతిలో అరిగిన కత్తి ఒక్క గడ్డం కూడా గియ్యకుండానే అరిగింది.

పాతవాటిని ముట్టుకోకూడదని నేననను. ఎర్ర తుప్పుని వదిలేస్తే ఉక్కుని తినేస్తుంది, తియ్యాల్సిందే. నల్లబడిన మరక అలాంటిది కాదు, అది వయసు. మొదటిది తియ్యడం వస్తువు కోసం. రెండోది తియ్యడం మన కళ్ళ కోసం. చేతిలో కాగితం ఒకటే, రుద్దడం ఒకటే. అందుకే ఎక్కడ ఆగాలో తెలియదు.

ఆ కత్తిని ఇక అమ్మను. దాని పెట్టెలో ఒక చీటీ రాసి పెట్టాను: "దీని మీద డబ్ల్యు.ఆర్. ముద్ర ఉండేది. చెరిపింది నేను." కింద నా సంతకం, తేదీ.