పెంచినవాళ్లే అమ్మా అబ్బా

కుటుంబమంటే ఏమిటో ఇతరులు చెప్పడం మాకు కొత్త కాదు. మా ఇళ్లలో ఎందరు పెళ్లాలో, ఎందరు పిల్లలో మమ్మల్ని అడక్కుండానే లెక్క కట్టి గోడల మీద రాసినవాళ్లున్నారు. మా నికా, మా తలాక్, మా వారసత్వం అన్నిటినీ మెజారిటీ కొలబద్దతోనే కొలిచారు. 2025 జనవరిలో ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకి రావడంతో అక్కడ ఆ కొలబద్ద చట్టమే అయింది. అందుకే ఈ ప్రశ్న ముందుగా మేమే వేసుకోవాలి. పక్కింటి కుటుంబాన్ని మేము ఏ కొలబద్దతో కొలుస్తున్నాం?

పక్కిల్లంటే హిజ్రాల ఇల్లు. ట్రాన్స్ మనుషుల ఇల్లు. కలిసి బతికే ఇద్దరు ఆడవాళ్ల ఇల్లు, ఇద్దరు మగవాళ్ల ఇల్లు. అక్కడ ఒక బిడ్డ పెరిగితే అది కుటుంబమా, కాదా?

మా నెల్లూరు తీరంలో రొట్టెల పండుగ ఎరగనివాళ్లు లేరు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. సంతానం రొట్టెకు చేయి చాచినవాళ్లను నీ మతమేది, నీ పెళ్లి కాగితమేది అని ఆ నీళ్లలో అడగరు. బడిలో అడుగుతారు. ఆస్పత్రిలో అడుగుతారు. తహసీల్దారు ఆఫీసులో అడుగుతారు.

ఈ అడగడానికి చరిత్ర ఉంది. బ్రిటిషువాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలో హిజ్రాల మీద ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. రిజిస్టరులో పేరెక్కిన హిజ్రా మైనరు బిడ్డకు వలీగా ఉండకూడదు, ఆస్తి దానమివ్వకూడదు, వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు. ఆడబట్టలు కట్టినందుకు జైలుకు పంపడం ఒక్కటే కాదు, ఆ ఇల్లు ఇంకో తరానికి సాగకుండా చేయడం వాళ్ల ఎత్తు. మేము గొప్పగా చెప్పుకునే నిజాం రాజ్యం కూడా 1919లో అలాంటి చట్టమే తెచ్చింది. రిజిస్టరైన హిజ్రా ఇంట్లో 16 ఏళ్ల లోపు అబ్బాయి ఉంటే అది నేరమంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా, 104 ఏళ్లు, అది చట్టంగా బతికే ఉంది.

పాత చట్టం పోయింది సరే, కొత్తవి ఏం చేశాయి? 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్ మనుషుల అస్తిత్వాన్ని గుర్తించింది. 2018లో స్వలింగ ప్రేమ నేరం కాదంది. కానీ 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం కుటుంబమంటే రక్తసంబంధం, పెళ్లి, చట్టబద్ధమైన దత్తత అని మూడే గీతలు గీసింది. కన్నవాళ్లు తరిమేసిన పిల్లను చేరదీసి, ఆ పిల్ల చేత అమ్మా అని పిలిపించుకున్న గురువు ఇల్లు ఆ మూడింటిలో ఎక్కడా లేదు. 2022 దత్తత నియమాల ప్రకారం జంటగా బిడ్డను తీసుకోవాలంటే పెళ్లయి రెండేళ్లు నిండాలి. పెళ్లే లేదన్నవాళ్లకు రెండేళ్లు ఎప్పుడు నిండుతాయి? 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ నియమాన్ని నిలబెట్టింది. ఇద్దరు విభేదించారు. 2024 సెప్టెంబరులో కేంద్రం, ఇలాంటి జంటను రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకు చెప్పింది. బియ్యం కలిపి ఇస్తారట, బిడ్డను మాత్రం కలిపి ఇవ్వరట!

పెళ్లికాని మనిషి ఒంటరిగా దత్తత తీసుకోవచ్చు. కాబట్టి ఇద్దరిలో ఒక్కరే కాగితం మీద అమ్మో అబ్బో అవుతారు. రెండోవాళ్లు అన్నం తినిపించినా, జ్వరం వస్తే రాత్రంతా మేలుకున్నా పరాయివాళ్లే. మాది 2004 సునామీని చూసిన తీరం. కాగితమున్న ఆ ఒక్కరూ రేపు పోతే బిడ్డ ఎవరిది? చట్టం శిక్షిస్తున్నది ఇద్దరు పెద్దల్ని కాదు, ఏ పాపం ఎరగని ఆ పసిదాన్ని.

దీన్ దీన్ని ఒప్పుకోదంటారు మా పెద్దలు. మసీదులో నికా చదవమని ఎవరడిగారు? అడుగుతున్నది సర్కారును, అడుగుతున్నది సంతకం పెట్టే హక్కును. షరియత్‌లో దత్తత లేదు, కానీ యతీమును పెంచడం సవాబు. ప్రవక్తే యతీముగా తాత చేతుల్లో, తండ్రి సోదరుడి చేతుల్లో పెరిగారు. 1972లో అందరికీ ఒకే దత్తత బిల్లు తెచ్చినప్పుడు మావాళ్లు వ్యతిరేకించారు. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇష్టమున్న ముస్లిం దత్తత తీసుకోవచ్చు, ఇష్టం లేనివాళ్లు తమ షరియత్ ప్రకారమే నడుచుకోవచ్చు అంది. అడిగినవాళ్లకు దారి దొరికింది, అడగనివాళ్ల మీద బలవంతం లేదు. మాకు న్యాయమైన ఈ పద్ధతి వాళ్లకు ఎందుకు అన్యాయం? 2023లో ఆ కేసులో కేంద్ర ప్రభుత్వం పెళ్లి హక్కును వ్యతిరేకిస్తే, జమియత్ ఉలేమా-ఎ-హింద్ కూడా అదే మాట చెప్పింది. మా కుటుంబాలను అనుమానంగా చూసేవాళ్ల పక్కన మా పెద్దలు నిలబడ్డారు. అది మాకు మింగుడు పడలేదు.

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. హిజ్రాల హక్కును మమ్మల్ని కొట్టే కర్రగా వాడొద్దు. పైన చెప్పిన చట్టాలూ నియమాలూ రాసింది మౌల్వీలు కాదు.

గురు-చేలా బంధంలో పెత్తనం లేదని, దోపిడీ లేదని మేము అనం. మన ఇళ్లలో లేవా? ఉన్నచోట బిడ్డను కాపాడే చట్టం అన్ని ఇళ్లకూ ఒకటే ఉండాలి. ఇంటి ఆకారం చూడకూడదు, బిడ్డ ఎలా ఉందో చూడాలి. పిల్లల్ని కనలేదు కాబట్టి ట్రాన్స్ స్త్రీ స్త్రీ కాదన్న వాదనను 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తోసిపుచ్చింది. కనడం ఒక్కటే తల్లితనమైతే, పెంచిన తల్లుల మాటేమిటి?

మేము కోరేది మూడే. పెంచిన ఇద్దరినీ వలీలుగా గుర్తించండి. బడిలో, ఆస్పత్రిలో ఇద్దరి సంతకమూ చెల్లనివ్వండి. ఒకరు పోతే బిడ్డను రెండోవారి ఒడి నుంచి లాగొద్దు. ఇది దయ కాదు, ఆ బిడ్డ హక్కు.