వేషము తీసిన తండ్రి

చదువవలసిన వాక్యభాగము: లూకా 15:11–32

ఈ నెల ధ్యానమును మేము ఒక సినిమాతో మొదలుపెట్టుట కొందరికి వింతగా తోచవచ్చును. సినిమా అను మాట వినగానే ముఖము చిట్లించు పెద్దలు మన గ్రామ సంఘములలో నేటికిని ఉన్నారు. వారి భయమును మేము తేలికగా త్రోసివేయము. అయినను మన ప్రభువు పొలములోను, సంతలోను, పెండ్లి విందులోను జనులు చెప్పుకొను సంగతులనే ఎత్తుకొని ఉపమానములు చెప్పెను గదా. నేడు జనులు చెప్పుకొను సంగతులలో సినిమా కథయు ఒకటి.

ఆ సినిమా పేరు ‘రంగమార్తాండ’. 2023 మార్చి నెలలో ఉగాదినాడు విడుదలయ్యెను. కృష్ణవంశీ తీసిరి. ప్రకాశ్‌రాజ్ రాఘవరావు అను ముసలి రంగస్థల నటుడుగాను, రమ్యకృష్ణ అతని భార్యగాను నటించిరి. అతని స్నేహితుడగు చక్రపాణి వేషము బ్రహ్మానందముగారిది. ఆయన సినిమాలకు పోకమునుపు పశ్చిమగోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు పాఠములు చెప్పిన పంతులు. నవ్వించు మనిషిగా మాత్రమే లోకమునకు తెలిసిన ఆయన, ఆ చిత్రములో ఆసుపత్రి మంచముమీద పడియుండి చూచువారిని ఏడిపించెను.

ఈ కథ మనవారిది కాదు. వి.వి.శిర్వాడ్కర్ అను మరాఠీ కవి 1970లో ‘నటసమ్రాట్’ అను నాటకము వ్రాసెను. దానిని 2016లో మరాఠీలో సినిమాగా తీసిరి, ఆ సినిమానే తెలుగులోనికి తెచ్చిరి. ఆ నాటకము వెనుక నాలుగు వందల ఏండ్లనాటి ఇంగ్లీషు నాటకము ‘లియర్ రాజు’ ఉన్నది. ఇన్ని భాషలు దాటి వచ్చినను ఈ కథ మన కొల్లేటి లంకలో నిన్న జరిగినట్లే యుండును.

కథ చిన్నది. పేరుగాంచిన నటుడు వేదిక దిగిపోవుచు, ఉన్న ఇంటిని, కూడబెట్టిన దానిని బిడ్డలకు పంచియిచ్చివేయును. కొడుకు ఇంట కోడలితో పొసగదు. కూతురి ఇంటికి పోవుదురు, అక్కడ దొంగతనపు అనుమానము మీద పడును. ఎవరికిని చెప్పకుండ ముసలి దంపతులిద్దరును బయలుదేరుదురు. భార్య చనిపోవును. ఊరంతయు చప్పట్లు కొట్టిన మనిషి ఎవడో తెలియని బికారి యగును. పిల్లలు పశ్చాత్తాపపడు నాటికి చాల ఆలస్యమైపోవును.

చూచి వచ్చినవారందరు పిల్లలను తిట్టిరి. మేమును తిట్టితిమి. కాని ఆ రాత్రి నిద్ర పట్టక, మాకు తెలిసిన ఒక పెద్దాయన గుర్తుకు వచ్చెను. ఆయన పేరు చెప్పము, ఊరు చెప్పము. కొల్లేటి ప్రక్క ఊరని మాత్రము చెప్పుదుము. వయసులో ఉండగా పద్యనాటకములలో పేరున్నవాడు. కాంట్రాక్టు కుదిరినదనిన నెల తరబడి ఇల్లు విడిచి పోయెడివాడు. హరిశ్చంద్ర వేషము కట్టి కాటిసీనులో లోహితాస్యుని కొరకు ఆయన ఏడ్చినప్పుడు జనము ‘వన్స్ మోర్’ అని కేకలు వేసెడివారట. అటువంటి ఒక కాంట్రాక్టులో దూరపు జిల్లాలో ఉండగా ఇంటివద్ద భార్య జ్వరముతో చనిపోయెను. కబురు అందునప్పటికి మట్టి చేసిరి. పదేండ్ల కొడుకును మేనమామ తీసికొనిపోయి పెంచెను.

తరువాత ఆయన నాటకములు మానెను, సంఘములో చేరెను. ప్రతి క్రిస్మస్సునకు మన పిల్లలు వేయు ‘తప్పిపోయిన కుమారుడు’ నాటకములో తండ్రి వేషము ఆయనదే. దుప్పటి తలకు చుట్టుకొని, చేతులు చాచి, వేదిక ఈ చివరనుండి ఆ చివరకు పరుగెత్తెడివాడు. చూచు ఆడవారు కన్నీళ్లు తుడుచుకొనెడివారు. ఉన్న ఇంటిని, కొంచెము పొలమును కొడుకు పేర వ్రాసియిచ్చెను. కొడుకు కాగితము తీసికొనెను, మాట మాత్రము కలుపలేదు. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో కాటా దగ్గర పని చేయుచు అక్కడనే కాపురముండెను. ఏలూరునుండి తాడేపల్లిగూడెము రైలులో గంట ప్రయాణము. ఆ గంట ప్రయాణము పదకొండేండ్లుగా ఇరువురిలో ఎవరును చేయలేదు.

“అయ్యగారూ, నేనేం తక్కువ చేశానండి? ఉన్నదంతా రాసిచ్చేశాను గదా” అని ఆయన మమ్ము అడుగుచుండెను.

ఇదియే ప్రశ్న. ఉన్నదంతయు ఇచ్చివేసిన తండ్రికి, ప్రేమను తిరిగి అడుగు హక్కు కలదా?

కలదని చట్టము కొంతవరకు చెప్పుచున్నది. 2007లో మన దేశము తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము చేసెను. బిడ్డలు చూడనియెడల పెద్దలు ఆర్.డి.ఓ. స్థాయి అధికారి యొద్దకు పోయి మనోవర్తి అడుగవచ్చును. తమను చూచుకొనవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చి, అది పొందినవారు చూడకపోయినయెడల, ఆ దానపత్రమును రద్దు చేయించుకొను వీలు ఆ చట్టము 23వ సెక్షను కల్పించుచున్నది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి కొడుకునకు వ్రాసిన దానపత్రమును రద్దుపరచి, ఈ చట్టమును వృద్ధుల మేలు కొరకు ఉదారముగా చదువవలెనని చెప్పెను. చదువురాని పెద్దలకు మన సంఘములలో ఈ సంగతి ఎవరైనను విడమరచి చెప్పవలెను. ఇల్లు వ్రాసియిచ్చుటకు ముందు కాగితములో షరతు వ్రాయించుకొనుట అవిశ్వాసము కాదు. దేవునికి అర్పణ అని వంక పెట్టి తలిదండ్రులను ఆకలితో విడిచిన వారిని ప్రభువు ఎంత కఠినముగా గద్దించెనో మార్కు 7వ అధ్యాయములో చూడుడి.

అయితే చట్టము ఇంటిని తిరిగి ఇప్పించగలదు, కొడుకును తిరిగి ఇప్పించలేదు.

సినిమాలోని రాఘవరావును మరియొకమారు తలంచుకొనుడి. అతడు మంచివాడే. అయితే జీవితమంతయు చప్పట్ల మధ్య బ్రదికినవాడు. కొడుకు ఇంటిలోనికి పోయినను తనతో కూడ వేదికను తీసికొనిపోయెను. అతని కంఠము దిగలేదు, అతని మాట తగ్గలేదు. కోడలు ఇంటిలో అతనికి కావలసినది గదియు, అన్నమును మాత్రమే కాదు, ప్రేక్షకులు కూడ కావలసియుండెను. లియర్ రాజు సంగతియు అంతే. రాజ్యము పంచి యిచ్చుటకు ముందు కుమార్తెలను నిలువబెట్టి, నన్ను ఎంత ప్రేమించుచున్నారో చెప్పుడని అడిగెను. బాగుగా నటించిన వారికి రాజ్యము దొరికెను, నటించనేరని చిన్న కుమార్తెకు శాపము దొరికెను. సినిమా తండ్రి పక్షమున నిలిచినది. మేము పూర్తిగా అట్లు నిలువలేము. కోడలిని దుర్మార్గురాలిగా చూపుట సినిమాలకు సులువైన పని. మోయాబు దేశపు రూతు కోడలే గదా, ఏడుగురు కుమారులకంటె మేలైనదని ఊరి స్త్రీలచేత అనిపించుకొన్నది.

మన తెలుగు బైబిలులో ‘వేషధారులు’ అను మాట తరచుగా వచ్చును. ప్రభువు దానిని పరిసయ్యులతో పలికెను. గ్రీకు భాషలో ఆ మాటకు మొదటి అర్థము రంగస్థల నటుడు అనియే. ఇది నటులకు నింద అని మేము అనుకొనము. నటన ఒక వృత్తి. తాడేపల్లిగూడెములో రేలంగి వెంకట్రామయ్యగారిని ఎరిగిన ముసలివారు ఇంకను ఉందురు. ఆయన ఆ ఊరిలో తన పేర సినిమాహాలు కట్టించెను, 1970లో పద్మశ్రీ అందుకొనెను, 1975లో ఆ ఊరిలోనే కన్నుమూసెను. జనులను నవ్వించుట పాపమని ఎవరు చెప్పగలరు? ప్రభువు గద్దించినది, వేదిక దిగిన తరువాత కూడ వేషము తీయనివారిని. ప్రార్థనలోను, ధర్మములోను, ఉపవాసములోను చూచువారి కొరకు నటించువారిని గూర్చి మత్తయి 6వ అధ్యాయములో పలికెను. ఆ వరుసలో దుఃఖమును కూడ చేర్చవచ్చునని మాకు తోచుచున్నది. నాకు అన్యాయము జరిగినదని అరుగుమీద కూర్చుండి వచ్చిపోవు వారికందరికి చెప్పు తండ్రి, నిజముగానే దుఃఖించుచుండవచ్చును. అయితే అతని దుఃఖమునకు ప్రేక్షకులు దొరికిరి. ప్రేక్షకులు దొరికినవాడు వేదిక దిగుట కష్టము.

ఇప్పుడు లూకా సువార్త తెరువుడి. చిన్న కుమారుడు పందుల యొద్ద కూర్చుండి ఏమి చేసెను? మాటలు కూర్చుకొనెను. తండ్రి యెదుట ఏమేమి చెప్పవలెనో 18, 19 వచనములలో వరుసగా అనుకొనెను. నాటకములో పాత్ర వచ్చినట్లు దారి పొడుగున వల్లె వేసికొనుచు వచ్చియుండును. ఆ మాటల చివర, కూలివారిలో ఒకనిగా పెట్టుకొమ్మను మాట ఉన్నది. 21వ వచనమునకు వచ్చి చూడుడి. ఆ చివరి మాట అక్కడ లేదు. తండ్రి చెప్పనియ్యలేదు.

ఆ తండ్రియు తన పాత్రను విడిచిపెట్టెను. ఆ దేశములో ఇంటి పెద్ద పరుగెత్తడు. పొడుగాటి అంగీ ఎత్తి పట్టుకొని, కాళ్లు కనబడునట్లు వీధిలో పరుగెత్తుట పెద్దమనిషికి అవమానము. ఆయనకు కూడ ఒక సిద్ధమైన వేషము ఉండెను, మోసపోయిన తండ్రి వేషము. దానిని కట్టుకొని గుమ్మములో నిలుచున్నయెడల ఊరంతయు ఆయన పక్షమే యుండెడిది. ఆయన దానిని కట్టుకొనలేదు.

దావీదు సంగతి వేరు. అబ్షాలోము అన్నను చంపి పారిపోయి మూడేండ్లు గెషూరులో ఉండెను. రాజు మనస్సు అతనికొరకు లాగుచుండెను గాని తాను వెళ్లలేదు. యోవాబు ఉపాయము చేసి పిలిపించిన తరువాతనైనను, నా ముఖము చూడకూడదని రాజు ఆజ్ఞాపించెను. ఒకే పట్టణములో రెండేండ్లు ఉండిరి. రెండేండ్ల పిమ్మట ముద్దు పెట్టుకొనెను గాని, అప్పటికి ఆ ముద్దు రాజుగారి ముద్దే గాని తండ్రి ముద్దు కాలేదు. చివరకు గవినికి పైగానున్న గదిలోనికి ఎక్కి రాజు ఏడ్చిన ఏడ్పు మీరు ఎరుగుదురు. అది నిజమైన ఏడ్పే. అయితే అది వినవలసిన చెవి అప్పటికి లేదు.

పూర్వము ఐరోపా దేశపు క్రైస్తవులు గూడబాతు తన రొమ్ము చీల్చుకొని రక్తముతో పిల్లలను పోషించునని నమ్మి, క్రీస్తు త్యాగమునకు గుర్తుగా ఆ పక్షిని దేవాలయములలో చెక్కిరి. కైకలూరు దగ్గర ఆటపాకలో ఈ పక్షుల గూళ్లు చూచినవారికి అసలు సంగతి తెలియును. పిల్ల తన తలను పెద్దపక్షి ముక్కు క్రింది సంచిలో దూర్చి చేప తీసికొనును, రక్తమేమియు లేదు. రెక్కలు రాగానే ఎగిరిపోవును. పెద్దపక్షి లెక్క వ్రాసికొనదు. మనుష్యుడు పక్షి కాడు గనుక లెక్క వ్రాసికొనును. మేము ఆ లెక్క అంతయు తప్పని చెప్పము. పెంచినవారిని పోషించుట బిడ్డల విధి, అది ఆజ్ఞ. కాని ఆ పెద్దాయన లెక్కలో ఒక వైపు ఇల్లు, పొలము ఉన్నవి. కొడుకు లెక్కలో తల్లి ఒక్కతే చనిపోయిన రాత్రి ఉన్నది. ఈ రెండు లెక్కలు ఏ కాటాలోను సరితూగవు.

నిరుడు క్రిస్మస్సుకు ముందు నాటకపు అభ్యాసము జరుగుచుండగా మేము ఆయనను ప్రక్కకు పిలిచి, “పెద్దాయనా, ప్రతి సంవత్సరము వేదికమీద పరుగెత్తుచున్నారు. ఇంతవరకు ఒక్కసారైనా గూడెం రైలెక్కారా?” అని అడిగితిమి. అడిగిన తరువాత, అంత కఠినముగా అడుగకుండవలసినదని బాధపడితిమి. ఆయన ఏమియు చెప్పలేదు. ఆ సంవత్సరము తండ్రి వేషమునకు వేరొకరిని చూచుకొమ్మని కబురు పంపెను.

జనవరిలో ఆయనే వచ్చి చెప్పెను. ఏలూరులో పాసింజరు ఎక్కెనట. ఏమి చెప్పవలెనో రైలులో కూర్చుండి మాటలు కూర్చుకొనెనట. భీమడోలు దాటువరకు బాగుగానే వచ్చినవట. మార్కెట్టులో ఉల్లిబస్తాల మధ్య కొడుకు కాటా దగ్గర వంగి నిలుచుండెను, తలలో నెరసిన వెండ్రుకలు కనబడెను. వాడికి తల నెరసినదని తనకు తెలియదట. అక్కడితో అనుకొన్న మాటలన్నియు పోయినవి. “మీ అమ్మ పోయిననాడు నేను లేనురా” అని మాత్రము అనగలిగెనట.

కొడుకు చాలసేపు కాటా వైపే చూచుచుండెను. తరువాత, “అన్నం తిన్నావా?” అని అడిగెనట.

నాన్నా అని పిలువలేదట. ఆ సంగతి ఆయన మాకు రెండుమార్లు చెప్పెను. తిరిగివచ్చునప్పుడు ఐదు కిలోల ఉల్లిపాయలు సంచిలో పోసి యిచ్చెనట. అందులో సగము మా ఇంటిలో ఇచ్చిపోయెను.